కొత్త కారు మీద పనసపండు

ఈ రోజు అరకు సంతకి మొదటిసారి నా కొత్త కారు తీసుకెళ్లాను. ఇన్నాళ్లూ వెళ్లింది నాన్న పాత అంబాసిడర్‌లోనే. సంతలో దాని బానెట్టే మా బల్ల. కొన్నవన్నీ దాని మీద పేర్చి, బేరాలన్నీ అయ్యాక లోపల సర్దుకుంటాం.

పనసపండ్లు అమ్మే గౌరమ్మ నన్ను చూడగానే, అలవాటు కొద్దీ పెద్ద పండొకటి భుజం మీంచి దించి కొత్త కారు బానెట్ మీద ధబ్బున పెట్టింది. ముగ్గిందని చూపించడానికి పైన రెండు దెబ్బలు కూడా వేసింది. బానెట్ లోపలికి పోయింది. కారు సైరన్ మొదలుపెట్టింది. సంతంతా మా వైపు తిరిగింది.

గౌరమ్మ ఆ సొట్టని వేలితో తడిమి చూసింది.

"ఇదేటమ్మా, పండుకే నొక్కుకుపోనాది. మీ నాన్న బండి మీదైతే నేనే కూకొని టీ తాగీదాన్ని."

"ఇప్పటి కార్లు ఇంతే గౌరమ్మా. లోపల ఏసీ బాగుంటుంది."

"అయితే పండు లోపలెట్టు," అంది.

కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ, నవ్వు ముందొచ్చేసింది.

ఇంటికొచ్చాక నాన్న సొట్టని వంగి మరీ చూశారు. మొహంలో సంబరం దాగలేదు. అంబాసిడర్ బానెట్ మీద గోనెసంచి పరిచి, చేతులకి నూనె రాసుకుని, పండు అక్కడే కోశారు. ఇరుగుపొరుగుతో కలిసి నిలబడే తినేశాం. తేనె.

సొట్ట తీయించాలా వద్దా, మీరే చెప్పండి. నాన్న మాత్రం వద్దంటున్నారు. వచ్చే వారం పండు పెడితే దొర్లిపోకుండా కుదురుగా కూర్చుంటుందట.