తోక ఏ పక్కకుంది? బేల్‌గహనా అడవి అంచున తోకచుక్క కోసం

బిలాస్‌పూర్‌లో కాపురం ఉంటూ ఆకాశానికి ఫొటోలు తీయాలనుకోవడం నాలాంటి మొండిఘటానికే చెల్లింది. కుదుదండ్‌లో మా డాబా మీద కెమెరా పెట్టుకుని ఏళ్ళ తరబడి ఆ పనే చేస్తున్నాను. ఒక పక్క స్టేషన్ యార్డు స్తంభాల దీపాలు, ఇంకో పక్క సీపత్ వైపు పవర్ ప్లాంట్ల ఎర్రటి వెలుగు, అన్నిటి మీదా బొగ్గు దుమ్ము. నెబ్యులా అంటే చుక్కల మధ్య పరుచుకున్న వాయువు, ధూళి మేఘం. అంత దూరం నుంచి కష్టపడి వచ్చిన దాని వెలుగు, మా డాబా చేరేసరికి ఫొటోలో టీ మరకలా పడుతుంది. అలాంటి ఊరికి ఈ మధ్య తోకచుక్క వచ్చింది. పొద్దు గుంకాక పడమటి దిక్కున కాసేపు ఉంటుంది, మామూలు కంటితోనే చూడొచ్చు అన్నారు. వరసగా రెండు సాయంత్రాలు మెడ నొప్పి పుట్టేలా చూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. ఒళ్ళు మండి, ఊరు దాటి వెళ్ళాల్సిందే అనుకున్నాను. కోట అనే ఊరి మీదుగా బేల్‌గహనా దాటితే అడవి మొదలవుతుంది, అక్కడ పడమర తెరిపిగా ఉన్న చోటు ఒకటి నాకు తెలుసు.

తోడుకి ఎప్పటిలాగే మా తమ్ముడు రమణ. వాడు లోకో పైలట్. కట్నీ లైన్లో బొగ్గు గూడ్సులు నడుపుతాడు. మా నాన్న కూడా డ్రైవరే. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే రైల్వే క్వార్టర్‌లో మమ్మల్ని పెంచాడు. ఇంజన్లో ఒక పద్ధతి ఉంటుంది. సిగ్నల్ కనిపించగానే అసిస్టెంటు చెయ్యి చాచి రంగు చెబుతాడు, డ్రైవరు తన కళ్ళతో చూసుకుని అదే రంగు మళ్ళీ పైకి చెబుతాడు. ఇద్దరూ చూడాలి, ఇద్దరూ చెప్పాలి. నాన్న మాకు ఆకాశం కూడా అలాగే నేర్పాడు. క్వార్టర్ ముందు మంచం వేసుకుని నేను "అరుంధతి" అని చెయ్యి చాస్తే, రమణ చూసి "అరుంధతి" అనాలి. మేము పెద్దవాళ్ళమయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. మా ఇద్దరిలో కళ్ళంటే వాడివే. నేను ఫోన్లో యాప్ తెరిచేలోపు వాడు వేలు పెట్టి చూపించేవాడు.

అలాంటివాడు కొన్ని నెలలుగా డాబా ఎక్కడం మానేశాడు. డ్యూటీ అంటాడు, నడుము నొప్పి అంటాడు. ఈసారి నేను వదల్లేదు. వస్తాను గానీ చీకటి పడకముందే తిరిగి వచ్చేద్దామా అక్కా అని అడిగాడు ఫోన్లో.

"తోకచుక్క మధ్యాహ్నం పూట వస్తాదేట్రా, మీ ఆవిడ వంట చేసీటప్పుడు?" అన్నాను. వాడు నవ్వలేదు. నేను పట్టించుకోలేదు.

వ్యాపార్ విహార్‌లో నా బ్యాంకు పని ముగించుకుని శనివారం మధ్యాహ్నం రెండింటికి బయలుదేరాను. మాట్లాడుకున్న బొలెరోకి డీజిలుతో కలిపి రెండువేల ఐదు వందలు. డ్రైవరు సంత్‌రామ్ కోట దగ్గరివాడు, ఆ అడవి దారులు బాగా తెలిసినవాడు. దారిలో ఉస్లాపూర్‌లో రమణని ఎక్కించుకున్నాం. వాడు అక్కడే అప్పు చేసి ఇల్లు కట్టుకున్నాడు. కోట దాకా రోడ్డు బాగుంటుంది, ఆ తర్వాత గుంతలు. ట్రైపాడ్‌ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకోండి, లేకపోతే మరలన్నీ ఊడి వస్తాయి. చాలా దూరం రైలు పట్టాలు రోడ్డు పక్కనే వస్తాయి. ఒక చోట బొగ్గు బళ్ళు ఎదురొచ్చాయి. రమణ కిటికీలోంచి చెయ్యి చాచి, "పచ్చ" అన్నాడు. ఎక్కడో దూరంగా చెట్ల సందున సిగ్నల్. నాకు కళ్ళు చికిలిస్తే గానీ కనబడలేదు. వీడికేం రోగం, చక్కగా ఉన్నాడు అనుకున్నాను.

బేల్‌గహనా దాటాక రోడ్డు పక్క పూరిపాకలో సుఖ్‌మతి అనే ఆవిడ చీలా వేస్తుంది. బియ్యప్పిండి అట్టు, పక్కన నూరిన టమాటా చట్నీ. రెండట్లు నలభై రూపాయలు. ఆకలి ఉన్నా లేకపోయినా అక్కడ ఆగండి, ఆ తర్వాత మంచినీళ్ళు కూడా దొరకవు. మేము ఎందుకొచ్చామో చెబితే ఆవిడ పెనం మీంచి కళ్ళు ఎత్తకుండానే హిందీలో అంది, "పూఁఛ్‌వాలా తారా, ఆ తోక ఉన్న చుక్కేనా? నిన్న మేకల్ని తోలుకొస్తూ చూశాను. ఆ గుట్ట మీద, చీపురు ఒంచి పెట్టినట్టు ఉంది. దానికి ఇంత సామాను ఎందుకు? కళ్ళు చాలవా?"

నాకు నవ్వొచ్చింది. రమణ మాత్రం సగం అట్టు వదిలేసి చేతులు కడుక్కున్నాడు.

గుట్ట దగ్గరికి చేరేసరికి ఐదు దాటింది. బొలెరో కింద ఆగిపోతుంది, సామాను మోసుకుంటూ ఒక పావుగంట ఎక్కాలి. పైన చెట్లు కొట్టేసిన మైదానం, దాని చివర లోయ, లోయకి అవతల పడమట ఇంకో చిన్న గుట్ట. అంతా గాలి కూడా లేని నిశ్శబ్దం. ఆ చోటు నాకు ఎప్పుడూ నచ్చేది, ఆ రోజు ఎందుకో దిగులుగా అనిపించింది. ఏడున్నరకల్లా కిందికి వచ్చేయాలని సంత్‌రామ్ గట్టిగా చెప్పాడు. ఏనుగులు తిరుగుతున్నాయట. నేను కెమెరాని ట్రాకర్ మీద బిగించాను. భూమి తిరుగుతుంటే దానికి ఎదురుగా కెమెరాని తిప్పే యంత్రం అది, లేకపోతే చుక్కలు గీతలవుతాయి. పక్కనే చూడ్డానికి చిన్న టెలిస్కోపు. తోకచుక్క అయ్యాక ఇంకా టైముంటే నైరుతిలో ఉన్న లగూన్ నెబ్యులా కూడా తీయాలని నా ఆశ.

పొద్దు గుంకింది. శుక్రుడు దీపంలా వెలిగాడు. "శుక్రుడు" అన్నాను. "శుక్రుడు" అన్నాడు రమణ, చెయ్యి చాచి. ఇంకాసేపటికి మసక చీకటి కమ్మగానే వాడు టార్చి వేశాడు.

"ఆపరా! నీ టార్చి తగలెయ్య, ఫొటో పాడవుతాది."

"కాళ్ళ దగ్గర ఏటుందో చూసుకోవాలి కదక్కా."

"ఏటుంటాది? పులుంటాదా? ఆర్పు ముందు."

ఆర్పేశాడు. రెండడుగులు వేసి నా ట్రైపాడ్ కాలికి తగిలి ముందుకు తూలాడు. అరిచాను. నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు చేతుల్తో తడుముకుంటూ వెళ్ళి ఒక రాయి మీద కూర్చున్నాడు.

అప్పుడు కనబడింది తోకచుక్క. టెలిస్కోపులో తల చిన్న ముత్యంలా, తోక చక్కగా, పొడుగ్గా. కన్ను తీయకుండానే చెయ్యి చాచి అరిచాను, "తోకచుక్క! గుట్ట మీద, తోక కుడి పక్కకి!"

"తోకచుక్క," అన్నాడు రమణ వెనక నుంచి, గొంతులో ఎక్కడా తడబాటు లేకుండా. "గుట్ట మీద, తోక కుడి పక్కకి."

తల ఎత్తి మామూలుగా చూశాను. తోక ఎడమ పక్కకి ఒరిగి ఉంది. తప్పు నాదే. మెడ విరగకుండా వంగి చూడ్డానికి టెలిస్కోపు వెనక ఒక అద్దం బిగిస్తాం. అందులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. కొత్తవాళ్ళు చేసే పొరపాటు అది, సంబరంలో నేనూ చేశాను. కానీ రమణ టెలిస్కోపులో చూడలేదు. ఉత్త కళ్ళతో చూస్తున్నాడు.

వాడి దగ్గరికి వెళ్ళాను. వాడి మొహం తిన్నగా తోకచుక్క వైపే ఉంది.

"రమణా, నేను తప్పు చెప్పినాను. తోక ఎటు ఉందో నువ్వు చెప్పు."

వాడు చేత్తో రాయి అంచు తడిమాడు.

"తోకచుక్క ఎక్కడుందో అదైనా చూపించు."

"నీకు తెలిసిపోయింది కదా, ఇంకెందుకక్కా అడుగుతావు?" అన్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"వానలకి ముందు నుంచి. పగలు బాగానే ఉంటాది. చీకటి పడితే ఏటీ లేదు. నల్లగా గోడ."

"మరి సిగ్నళ్ళు?"

"సిగ్నల్ కనబడతాది. దీపం కదా, ఎంత దూరమైనా కనబడతాది. సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్యనే కనబడదు."

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. వెనకాల కెమెరా తన పని తను చేసుకుంటూ టక్కు టక్కుమంటోంది. రమణ ఇక ఆగకుండా చెప్పాడు. కొండల మధ్య ఘాట్ సెక్షన్‌లో ఒక రాత్రి, వంపు దగ్గర పట్టాల మీద, వాటిని తనిఖీ చేస్తూ తిరిగే పహరా మనిషి నిలబడి ఉన్నాడట. అతని చేతి దీపం ఆరిపోయి ఉంది. అసిస్టెంటు కేక వేస్తే రమణ హారన్ కొట్టి బ్రేకు వేశాడు. ఆ మనిషి గట్టు మీదికి దూకి బతికాడు.

"కేక విని వేసినానక్కా బ్రేకు. మనిషి నాకు కనబడలేదు. అప్పటినుంచి ఆ అసిస్టెంటు కుర్రాడు ఏటి చెబితే అదే తిరిగి చెబుతున్నాను."

"ఆ అబ్బాయి కునుకు తీస్తే?"

నాకు పట్టలేనంత కోపం వచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. "మళ్ళీ డ్యూటీ ఎప్పుడు?"

"ఈ రాత్రికి కాల్ రావచ్చు."

"వెళ్ళవు. నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను."

"చెప్పీసి? రన్నింగ్ డ్యూటీ నుంచి తీసీసి ఏదో కుర్చీలో కూర్చోబెడతారు. సగం జీతం పోతాది. ఇంటి అప్పు ఏటి చేయాల? పిల్ల కాలేజీ ఏటి చేయాల? నాన్న చివరి దాకా ఇంజన్ దిగలేదు, నేను గుడ్డోడినని దిగాలా? సొంత తమ్ముడి నోటికాడ కూడు తీస్తావా అక్కా?"

"తీస్తాను," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకే భయమేసింది.

కింద నుంచి సంత్‌రామ్ టార్చి ఊపుతూ ఎక్కి వచ్చాడు. మమ్మల్ని చూసి "కా హోగే, దీదీ?" అన్నాడు. ఏమైందని అడుగుతున్నాడు. ఏమీ లేదు, సామాను సర్దాలి అన్నాను. లగూన్ నెబ్యులా వైపు ఇక తల తిప్పలేదు. దిగేటప్పుడు రమణ నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. చిన్నప్పుడు కరెంటు పోతే క్వార్టర్ల మధ్య సందుల్లో వాడి భుజం పట్టుకుని నడిచింది నేను. గుట్ట దిగిన ఆ రాత్రి నా భుజం మీద వాడి చెయ్యి ఎంత బరువుందో ఇప్పటికీ చెప్పగలను.

సుఖ్‌మతి పాక దగ్గరికి వచ్చేసరికి ఫోన్లకి నెట్‌వర్క్ తగిలింది. వెంటనే రమణ ఫోను మోగింది. డ్యూటీ కాల్. బండి లోపల లైటు వేసి ఉంది. వాడు నన్ను చూశాడు, నేను నోరు తెరవలేదు. ఫోను రెండోసారి మోగింది. సంత్‌రామ్ కూడా వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారికి ఎత్తాడు.

"సర్, నేను బండి తీసుకోలేను," అన్నాడు హిందీలో. అవతల ఏదో అడిగారు. "జ్వరం కాదు సర్. రాత్రిపూట నాకు కనబడటం లేదు. అలాగే రాసుకోండి." ఎప్పటినుంచని అవతలి మనిషి అడిగాడు. "నిన్నటి నుంచి కాదు సర్. చాలా రోజులైంది," అన్నాడు రమణ, అచ్చం సిగ్నల్ చెప్పే గొంతుతో. ఫోను పెట్టేసి మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు.

ఇది జరిగి కొన్ని వారాలైంది. కంటి వెనక పొర పాడవుతోంది, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి అన్నారు డాక్టర్లు. రమణ బండి దిగాడు. ఇన్నాళ్ళు ఎందుకు దాచావని విచారణ నడుస్తోంది, అది న్యాయమే. మా మరదలు నాతో మాట్లాడటం మానేసింది, దాన్ని కూడా నేను తప్పు పట్టను. ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, నా జన్మలో అలాంటిది తీయలేదు. రమణకి లాప్‌టాప్‌లో వెలుగు పెంచి చూపించాను. స్క్రీన్‌కి దగ్గరగా జరిగి చూసి, "ఎడమ పక్కకి," అన్నాడు. నేను చెప్పకముందే అన్నాడు. బాగుంది, ఇది చాలక్కా అన్నాడు. నాకైతే చాలలేదు. ఆ తోకచుక్క మళ్ళీ వచ్చేసరికి మేమెవరం ఉండం, ఉన్న ఆ ఒక్క సాయంత్రం వాడు చీకటి గోడని చూస్తూ నా మాటే నాకు అప్పజెప్పాడు. పట్టాల మీది మనుషుల్ని తలుచుకుంటే మాత్రం, చేసిన పని మళ్ళీ చేస్తాను.

మీరూ ఆ వైపు వెళ్ళాలనుకుంటే అమావాస్య ముందువెనకల వెళ్ళండి, అడవిలో ఆలస్యం చేయకండి. ఇంకొక్క సలహా, నా అన్ని లెన్సుల కంటే విలువైనది. చీకట్లో పక్కన నిలబడ్డవాళ్ళకి ఏముందో ముందే చెప్పకండి. ఏం కనబడుతోందని అడిగి, వాళ్ళు చెప్పేదాకా నోరు మూసుకుని ఉండండి.