తూర్పు వాకిలి కారవాన్

ఆ రోజుల్లో నాకు తెలియని పని ఉండేది కాదు. చేతకాని పనులు మాత్రం చాలా ఉండేవి. ఆ రెంటికీ ఉన్న తేడా ముప్పై నిండని వయసులో ఎవరికీ కనిపించదనుకుంటాను. ఆ రోజులంటే మరీ తాతలనాటి మాట కాదు, అందరం మాస్కులు కట్టుకుని కళ్లను బట్టే మనుషుల్ని గుర్తుపట్టిన కరోనా కాలం. అంతకుముందు ఐదారేళ్లు ఒక తెలుగు దినపత్రికలో జిల్లా వార్తలు దిద్ది, లోకమంతా అర్థమైపోయిందన్న ధీమాతో దుబాయ్ వచ్చి, జెబెల్ అలీలో ఒక గోడౌన్ ఆఫీసులో కాగితాలు చూసే పనిలో చేరాను. ఆ గోడౌన్ సూపర్‌వైజరు మా బావే. ఆయనది జగిత్యాల పక్క పల్లె. అక్క నర్సు. మాది భీమవరం వైపు క్రైస్తవ కుటుంబం. వాళ్లిద్దరూ కలిసిందీ, పెళ్లి చేసుకుందీ దుబాయ్‌లోనే.

ఏడాదిన్నరగా అక్క కరోనా వార్డు డ్యూటీలోనే ఉంది. రెండుసార్లు సెలవు దొరికినట్టే దొరికి రద్దయింది. చివరికి గురు, శుక్ర, శనివారాలు మూడు రోజులిచ్చారు. ఎక్కడికెళదామని బావ అడిగితే, "ఇంటికెలాగూ వెళ్లలేం. సముద్రం చప్పుడు వినపడేచోట పడుకుంటానండీ, అంతే. మూడు రోజులపాటు నన్నెవరూ సిస్టర్ అని పిలవకూడదు" అంది. ఆ మాట పట్టుకుని బావ, దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర పాత కారవాన్ కొన్నాడు. అంటే మూతి దగ్గరున్న కొక్కెంతో పికప్ వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లన్నమాట. అందులో ఖోర్ ఫక్కాన్ వెళ్లి, సముద్రం ఎదురుగా ఆపుకుని, అక్కను నిద్రపోనివ్వాలి. బండిని సిద్ధం చేసే బాధ్యత నాది. (ఎవరూ అప్పగించలేదు. నేనే తీసుకున్నాను.)

గోడౌన్ వెనక ఖాళీ జాగాలో దాన్ని పెట్టుకుని వారం రోజులు కుస్తీ పట్టాం. ఎండకు పగుళ్లిచ్చిన టైర్లు మార్పించాం, కిటికీల చుట్టూ జిగురు పూశాం. ఏ మీట నొక్కితే ఏది వెలుగుతుందో, ఏది ఆరిపోతుందో ఇద్దరికీ అంతుపట్టలేదు. బయటివైపు చిన్న తలుపు తీస్తే మూతున్న చక్కని పెట్టె ఒకటి బయటికొచ్చింది. "బియ్యం పోసుకోను మంచిగున్నది బామ్మర్దీ" అన్నాడు బావ. నేనూ తల ఊపాను. అది మరుగుదొడ్డి తొట్టి అని బండితోపాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో బొమ్మ చూశాక తెలిసింది. అదృష్టవశాత్తూ అప్పటికింకా బియ్యం తేలేదు. ఆ దెబ్బతో నేను నలభై ఒక్క అంశాలతో ఒక పట్టిక రాసి గోడకు అంటించాను. పత్రికలో పనిచేసినవాడి పట్టిక, ఒక్క అక్షరం తప్పుండదు.

బుధవారం సాయంత్రం పంతులు వచ్చాడు. ఆయన నిజం పంతులు కాడు, కార్మికుల క్యాంపు మెస్సులో వంటవాడు. నుదుట పెద్ద బొట్టు పెడతాడు కాబట్టి కొత్త బండి వచ్చినా, కొత్త గదిలోకి మారినా మావాళ్లంతా ఆయన్నే పిలుస్తారు. నాలుగు నిమ్మకాయలు పట్టుకుని బండి చుట్టూ తిరిగి, "గిది బండా, ఇల్లా?" అన్నాడు.

"చక్రాలున్నయి గదా, బండే" అన్నాడు బావ.

"మంచమున్నది, పొయ్యి ఉన్నది, వాకిలి ఉన్నది. ఇల్లెట్ల గాదన్నా? పాలు పొంగియ్యకుండ కాలు పెడ్తరా?"

ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితం తీసి, ఇందులో బండి అనే ఉందని నేను చూపించాను. "కాగితానికి ఏం ఎరుక తమ్మీ, అండ్ల వండుకునేది మనం" అన్నాడు పంతులు. అరగంట వాదన తర్వాత రెండు పూజలూ చేయాలని తేలింది. చక్రాలు రెండే కాబట్టి రెండు నిమ్మకాయలు మిగిలాయి. పంతులు వాటితో షర్బత్ చేసిచ్చాడు. అది తాగుతూ ఆయనే కనిపెట్టాడు, వాకిలి పడమటికుందని. "తూర్పు వాకిలి లేకుంట వదినెను లోపలికి ఎట్ల తోల్కొస్తవన్నా?" అనేసరికి బావ ముఖం చిన్నబోయింది. పక్క షెడ్డులో పనిచేసే ఎనిమిది మందిని పిలిచాం. యల్లా యల్లా అంటూ బండిని గిరుక్కున తిప్పి, వాకిలి సరిగ్గా తూర్పుకు పెట్టారు. నేను దిక్కులు సరిచూసి, బండి కదలకుండా దాని ఇనుప కాళ్లు దించి, ట్యాంకు నిండా నీళ్లు పట్టి, బియ్యం, పప్పు, పరుపులు, కుర్చీలు అన్నీ ఎక్కించి పట్టికలో నలభై ఒకటీ కొట్టేశాను.

గురువారం ఉదయం అక్క నైట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. మాస్కు తీస్తే ముక్కు మీద గీత అలాగే ఉంది. మెట్టు మీద నిలబడి కళ్లు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుంది. మా ఇంటి తీరు అంతే, చప్పున అయిపోతుంది. బావవైపు తీరు మాత్రం చాలాసేపు పట్టింది. ఎందుకంటే పంతులు పాలను పొంగనివ్వలేకపోయాడు. పాలు అంచుదాకా రావడం, ఆయన చేయి దానంతటదే మంట తగ్గించడం! "ఇరవై ఏండ్ల సంది గిదే పని తమ్మీ, చెయ్యి వింటలేదు" అని నొచ్చుకున్నాడు. నాలుగోసారి బావ ఆయన రెండు చేతులూ పట్టుకుంటే పాలు పొంగి, పొయ్యి ఆరి, శుభం జరిగింది. అక్క ఓ గుక్క పాలు తాగి, "బయలుదేరేముందు లేపండి" అని లోపల మంచం మీద వాలింది. బండి ఆగి ఉన్నంతసేపూ ఏసీ నడవడానికి వాచ్‌మన్ గదిలోంచి వైరు లాగి ఉంది.

బావ పికప్‌ను వెనక్కి తెచ్చి ఆపాడు. దిగాడు. కారవాన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. మళ్లీ తిరిగాడు.

"బామ్మర్దీ, కొక్కెం యాడ వోయింది?"

"గోడ దగ్గరుంది బావా."

"గోడ దగ్గర ఎందుకున్నది?"

"వాకిలి తూర్పుకుంది కదా, అందుకని."

గేటు దక్షిణాన ఉంది. బండి మూతి ఉత్తరాన గోడకు ఆనుకుని ఉంది. రాత్రంతా నీళ్ల బరువుకు చక్రాలు జానెడు ఇసుకలోకి దిగాయి. తోసిన ఎనిమిది మందీ పనిలోకెళ్లిపోయారు. వెనకనుంచి తాడు కట్టి లాగితే బంపరు బావ చేతికొచ్చింది. నీళ్లు వదిలేస్తే తేలికవుతుందని నేను ఒక మీట లాగితే నీడకోసం పెట్టిన గుడ్డ విచ్చుకుని పంతులు మీద పడింది. ఇంకోటి తిప్పితే లోపల రేడియో మోగింది, పరుగెత్తి ఆపాను. నీళ్లు వదిలే కుళాయి ఎక్కడుందో నలభై ఒక్క అంశాల్లోనూ లేదు. అక్క మూడు రోజుల్లో ఒకటి అలా మా కళ్లముందే కరిగిపోతోంది.

మూడు గంటలకు పక్క షెడ్డువాళ్లు పని ముగించుకుని వచ్చారు. చేతులు వేయబోతుంటే పంతులు కిటికీలోంచి తొంగిచూసి, "ఆగుండ్రి, ఆగుండ్రి. వదినె మస్తు నిద్రల ఉన్నది" అన్నాడు. అందరూ గుడి ముందు చెప్పులు విప్పినంత మెల్లగా వెనక్కి జరిగారు. "లేపుదమా?" అని నన్ను గుసగుసగా అడిగాడు బావ, బంపరు ఇంకా చేతిలోనే ఉంది. లేపితే గోడ కనిపిస్తుంది. లేపకపోతే సముద్రం కనిపించదు. మేం తేల్చుకోలేకపోతుంటే పంతులు అందరికీ నీడలో పులిహోర వడ్డించాడు. అక్క లేవకుండా పదిమందిమి చప్పుడు చేయక తిన్నాం.

పొద్దు వాలుతుండగా నేను బండి కిందికి దూరి, ఇసుకలో వెల్లకిలా పడుకుని వెతికితే కుళాయి దొరికింది. తిప్పగానే నీళ్లు ధారగా నా ఛాతీ మీద పడి ఇసుకలోకి పారాయి. పైన నేల కిర్రుమంది. కిటికీ కొంచెం తెరుచుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, వచ్చేశామా?" అక్క గొంతు సగం నిద్రలోనే ఉంది. "నీళ్ల చప్పుడు బాగుందిరా."

"దగ్గరికొచ్చేశాం అక్కా, పడుకో" అన్నాను బండి కిందనుంచి.

కిటికీ మూసుకుంది. బావ కొక్కెం వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. (చెమట అన్నాడు.) తెల్లారాక పదిమందిమి బండిని తిప్పాం. మిగిలిన రెండు రోజులూ అక్క ఖోర్ ఫక్కాన్‌లో అసలు సముద్రం ముందే పడుకుంది. ఇప్పుడు నాకు ఆ కారవాన్‌లో ప్రతి మీటా, ప్రతి కుళాయీ తెలుసు, కళ్లు మూసుకుని తగిలించగలను. అయినా దారి తప్పిన రోజుల్లో, ఒళ్లంతా తడిసి, ఒక్క అడుగు కదలని బండి కింద పడుకుని దగ్గరికొచ్చేశామని అంత నమ్మకంగా చెప్పిన ఆ కుర్రవాడి గొంతు గుర్తొస్తుంది. వాడికేమీ తెలియదు. అంత చక్కగా మాత్రం నేనిప్పుడు చెప్పలేను.