సింహాచలమక్క పట్టి ఉంచిన రెండో కుర్చీ

తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే జురాంగ్ ఈస్ట్ హాకర్ సెంటర్‌లో మధ్యాహ్నం వేళ ఒక వాసన ఉంటుంది. మాడిన కాఫీ గింజలు, తడిగుడ్డతో అప్పుడే తుడిచిన బల్ల, పక్క కొట్లో వేగుతున్న చేప, అన్నీ కలిసిన వాసన. మొన్న మా చెల్లెలి కొడుకు శ్రీను అన్నం తేవడానికి వరసలో నిలబడితే, నేను బల్ల దగ్గర కూర్చుని అతని కుర్చీ మీద గొడుగు, పక్క కుర్చీ మీద టిష్యూ పొట్లం పెట్టాను. ఈ ఊళ్ళో అలా పెడితే ఆ చోటు ఒకరిదని గుర్తు. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. కాపలా ఎవరూ ఉండరు, అయినా ఎవరూ దాన్ని కదపరు. ఆ పొట్లాన్ని నేనెప్పుడూ విప్పలేదు. చేతులు తుడుచుకోవడానికి కొంగు ఉండగా కాగితం ఎందుకు పాడుచెయ్యాలి? ఆ రెండో కుర్చీ ఎవరి కోసమని శ్రీను ఎన్నోసార్లు అడిగాడు. ఆ అలవాటు సింహాచలమక్కది. ఆమె పోయి ఏళ్ళయింది. ఆమె మనసులో ఏముండేదో నాకు ఇవాళ్టికీ పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైనంతవరకు రాస్తాను.

ఆమె మా ఎదురు ఫ్లాట్ మనిషి. వాళ్ళ నాన్న విశాఖపట్నం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చినవాడు. ఆమె ఇక్కడే పుట్టింది. ఆమె తెలుగులో గుప్పెడు తమిళం, చిటికెడు మలయ్ కలిసి ఉండేవి. నేను పెళ్ళి చేసుకుని విజయనగరం నుంచి వచ్చాను. మా ఆయన ఓడల యార్డులో వెల్డర్. నాకు మూడో తరగతితో బడి అయిపోయింది, లిఫ్ట్ ఎక్కాలంటే భయం. వచ్చిన కొత్తలో ఉతికిన చీరను సరిగ్గా పిండకుండా కిటికీ బయట వెదురు కర్రకు ఆరేశాను. నీళ్ళన్నీ కింద ఇంటివాళ్ళ దుప్పట్ల మీద కారాయి. వాళ్ళు పైకి వచ్చేలోపే సింహాచలమక్క మా తలుపు కొట్టింది.

“ఏటే, నీ చీర కింద ఇంటోళ్ళు తడవడానికి ఆరేసినావా? మీ ఊళ్ళో బట్టలు పిండరా?”

“తెలీదక్కా.”

“తెలీకపోతే అడగాల. మనం వచ్చి ఉంటున్న ఊరే ఇది. వచ్చినోళ్ళం ఒద్దికగా ఉండాల.”

అని ఆ చీర తనే లాక్కుని చుక్క నీరు లేకుండా పిండి ఇచ్చింది. ఆ రోజు నుంచి నాకు గురువు ఆవిడే. బియ్యం కడిగిన నీళ్ళు వరండాలోని కరివేపాకు కుండీకి పొయ్యడం, పక్కింటివాళ్ళ పండుగకు మన వాకిలి కూడా తుడవడం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. హాకర్ సెంటర్‌కు తీసుకువెళ్తే తన చోటు పక్కన ఇంకో కుర్చీ కూడా పట్టి ఉంచేది.

“అది ఎవరికక్కా?”

“ఎవరో వత్తారు. పళ్ళెం పట్టుకుని నిలబడిపోయినోడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు.”

ఓటు విషయంలోనూ ఆమెది గట్టి పట్టే. మా వార్డులో పోటీ ఉన్నప్పుడల్లా ఒకటే గుర్తు. “ఓటు ఇంట్లో పొయ్యి లాంటిది. పూటకో మూలకి మార్చకూడదు” అనేది. నాకూ పౌరసత్వం వచ్చాక, ఆమె ఎక్కడ గీత గియ్యమంటే నేనూ అక్కడే గీసేదాన్ని. మా బ్లాకు ముసలివాళ్ళందరిదీ అదే పద్ధతి. ఈ ఫ్లాట్లు కట్టి ఇచ్చిన పార్టీకే ఓటు, అంతే.

తర్వాత కంప్యూటర్ల కాలం వచ్చింది. మావైపు పిల్లలు గుంపులు గుంపులుగా దిగారు. శ్రీను కూడా అప్పుడే సైన్స్ పార్క్‌లో ఒక కంపెనీకి పర్మిట్ మీద వచ్చి మా వెనక గదిలో ఉన్నాడు. మొదటి ఆదివారం అందరం తినడానికి వెళ్ళాం. నేనూ అక్కా పళ్ళేలతో వచ్చేసరికి మా బల్ల నిండా వేరేవాళ్ళు ఉన్నారు. కాస్త ఆలస్యంగా వచ్చిన శ్రీను టీ కొట్టు దగ్గర నిలబడి, “ఎవరో పాపం గొడుగు మర్చిపోయారు పెద్దమ్మా, కొట్టాయనకి అప్పగించేశాను” అన్నాడు. వాడు అచ్చంగా మంచి పనే చేశాననుకున్నాడు.

“నీకు కంప్యూటరు ఎవడు నేర్పినాడురా?” అంది సింహాచలమక్క. “ఇంట్లో కాలెట్టినోడు ముందు ఇంటి ఆనవాళ్ళు నేర్చుకోవాల.” తిట్టినంతసేపూ తిట్టి, తన పళ్ళెంలో చేప ముక్క వాడి పళ్ళెంలో వేసింది. అప్పటినుంచి ఆదివారం రెండో కుర్చీ శ్రీనుది అయింది.

ఆమె కొడుకు రవి కూడా సైన్స్ పార్క్‌లోనే, ఇంకో కంపెనీలో చేసేవాడు. ఆ కంపెనీ రవితో పాటు కొందరిని తీసేసి, వాళ్ళ పని కొత్తగా వచ్చినవాళ్ళకు ఇచ్చింది. రవి రోజూ పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. వేసుకుని హాల్లో కూర్చునేవాడు. ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు.

సరిగ్గా అప్పుడే ఎన్నికలు. మేము ఎప్పుడూ వేసే పార్టీ తరఫున కొత్త అభ్యర్థి నిలబడ్డాడు. చదువుకున్నవాళ్ళను బయటి దేశాల నుంచి ఇంకా రానివ్వాలి, లేకపోతే మనం వెనకబడతాం అన్నాడు. దాంతో మా బ్లాకు కింద రాతి బల్లల దగ్గర ముసలివాళ్ళ మధ్య రోజూ వాదనే. దొంగ పడవల్లో వచ్చేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళను పంపించెయ్యాలన్నదానిలో ఎవరికీ పేచీ లేదు. వీళ్ళు కాగితాలతో, రమ్మంటే వచ్చినవాళ్ళు. ఎంతమంది రావాలన్నదే గొడవ.

“రానీ లా!” అనేవాడు కిరాణా కొట్టు లిమ్ అంకుల్, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర “లా” తగిలించి. “పిల్లల్ని మనం కనం, వచ్చేవాళ్ళనీ వద్దంటే ఎలా?”

“నీ సరుకు కొంటారని నీ గోల. రైల్లో కాలు పెట్టే చోటు లేదు. సాలు, ఇంక సాలు” అనేది అక్క.

“మీ నాన్న కూడా వచ్చినవాడే కదా, సింహా?”

“మా నాన్న వచ్చినప్పుడు ఇక్కడ అడవి. అడవిలో కుర్చీకి ఎవడు పోటీ పడతాడు?”

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. శ్రీను పర్మిట్ గడువు దగ్గరపడింది. పొడిగిస్తే ఊళ్ళో ఉన్న భార్యను తెచ్చుకుంటాడు, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. అక్క మాట నెగ్గితే నా ఇంట్లో పిల్లవాడు వెళ్ళిపోవాలి. ఆ అభ్యర్థి మాట నెగ్గితే ఆమె ఇంట్లో పిల్లవాడు ఇస్త్రీ చొక్కాతో కూర్చునే ఉంటాడు. నేను ఎవరి పక్షమో నాకే తెలియలేదు.

ఒక సాయంత్రం ఆ అభ్యర్థే మా బ్లాకు కిందికి వచ్చాడు. అందరి చేతులూ పట్టుకున్నాడు. సింహాచలమక్క చెయ్యి ఇచ్చింది గానీ వదలలేదు.

“మేము ఎప్పుడూ మీకే వేశాం. ఈసారి అడిగి వేస్తాం. వచ్చేవాళ్ళని తగ్గించండి” అని తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది.

సరిగ్గా అప్పుడే శ్రీను మెడలో ఆఫీసు కార్డుతో అటు వచ్చాడు. అభ్యర్థి అతన్ని చూసి, “వీళ్ళనేనా ఆంటీ?” అని అడిగాడు.

“వీడా? వీడు మావాడు. వీడు లెక్కలోకి రాడు.”

“ప్రతి బ్లాకులోనూ ఇదే మాట ఆంటీ. తగ్గించమంటారు, వీడు మాత్రం మావాడంటారు. ఇక తగ్గించడానికి ఎవరు మిగిలారు?”

లిమ్ అంకుల్ గట్టిగా నవ్వాడు. అక్క నవ్వలేదు.

“నా ఇంట్లో ఒకడు మిగిలాడు” అంది. “పొద్దున్నే చొక్కా వేసుకుని కూర్చుంటాడు. వాడు ఎవరివాడు?”

ఆయన ఆమె చెయ్యి ఇంకొంచెంసేపు పట్టుకుని, తల వంచి, పక్క బ్లాకుకు వెళ్ళిపోయాడు. ఆ ఇద్దరి ప్రశ్నలూ రాతి బల్ల మీదే ఉండిపోయాయి.

లిఫ్ట్‌లో మేం ముగ్గురమే. శ్రీను నేల చూస్తూ, “నన్ను వెళ్ళిపొమ్మంటున్నారా ఆంటీ?” అన్నాడు.

“నిన్ననలేదురా.”

“నాలాంటివాళ్ళనే కదా.”

ఆమె మా అంతస్తు మీట మళ్ళీ నొక్కింది. అది అప్పటికే వెలుగుతోంది.

ఓటు రోజు పొద్దున్న ఎప్పటిలాగే ఇద్దరం కలిసి ఓట్లు వేసే బడికి నడిచాం. గేటు దగ్గర అడిగాను. “అక్కా, ఈసారి దేనికి?”

“నన్నడక్కే.”

“పొయ్యి మార్చకూడదన్నావు కదా.”

“నీ ఇంట్లో శ్రీను ఉన్నాడు, నా ఇంట్లో రవి ఉన్నాడు. ఇద్దరం ఒకే గీత ఎలాగ గీత్తామే? ఎల్లు.”

అన్నేళ్ళలో ఆమె చెప్పకుండా నేను చేసిన మొదటి పని అది. అట్ట అడ్డం వెనక పెన్ను పట్టుకుని నిలబడ్డాను. ఒకసారి శ్రీను కనిపించాడు, ఒకసారి రవి చొక్కా కనిపించింది. చివరికి గీశాను. ఎక్కడ గీశానో చెప్పను. ఓటు ఎవరికీ చెప్పకూడదని కూడా ఆమే నేర్పింది. ఆమె ఎక్కడ గీసిందో నేనూ అడగలేదు. బయటికి వచ్చాక ఇద్దరం హాకర్ సెంటర్‌కు వెళ్ళాం. ఆమె ఒక కుర్చీ మీద గొడుగు, ఒకదాని మీద పొట్లం పెట్టి, ఇంట్లో ఉన్న రవినీ శ్రీనునూ పిలవమని నన్ను పంపింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నారు. ఆమె ఇద్దరి పళ్ళేల్లోనూ చేప ముక్కలు వేసింది.

అభ్యర్థి గెలిచాడు. శ్రీను పర్మిట్ పొడిగించారు. రవికి చాలాకాలానికి ఒక బడిలో కంప్యూటర్లు చూసుకునే పని దొరికింది, మునుపటంత మంచిది కాదు. సింహాచలమక్క చివరిదాకా “తగ్గించాల” అనే అంది. చివరిదాకా రెండో కుర్చీ పట్టి ఉంచింది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. “అక్కా, ఈ రెంటిలో నీ మాట ఏది?”

“నాకు తెలిత్తే నీకు చెప్పనా?” అంది విసుగ్గా.

మొన్న శ్రీను పళ్ళేలతో వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు అతను ఈ దేశ పౌరుడు, నెత్తిన జుట్టు పలచబడింది, కొడుకు చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. కూర్చుంటూనే మొదలుపెట్టాడు. “ఇక చాలు పెద్దమ్మా, ఎంతమందిని రానిస్తారు? మావాడిని ఇంటర్వ్యూకైనా పిలవడం లేదు.” అచ్చంగా ఆమె గొంతే.

అప్పుడే ఒక అమ్మాయి పళ్ళెం పట్టుకుని మా బల్ల దగ్గర నిలబడింది. మెడలో కొత్త ఆఫీసు కార్డు. పొట్లం వైపు చూసి, “ఆంటీ, ఎవరైనా వస్తున్నారా?” అని బెరుకుగా అడిగింది. ఆనవాళ్ళు తెలిసిన పిల్లే. శ్రీను నా వైపు చూశాడు. నేను పొట్లం తీసేశాను. ఆ పిల్ల కూర్చుంది. శ్రీను మాట ఆపలేదు, గొంతు మాత్రం తగ్గించాడు. తగ్గించి, తన పళ్ళెం కొంచెం ఇటు జరుపుకుని ఆమెకు చోటిచ్చాడు.

సింహాచలమక్క ఉంటే మాలో ఎవరిని తిట్టేదో నాకు తెలియదు. పొట్లాన్ని మళ్ళీ సంచిలో వేసుకున్నాను, విప్పకుండానే.