యారినా కడుపు, ఓస్తాప్ సంతకం

యారినా కడుపు మీద కత్తి ఎప్పుడు పడాలో ముగ్గురు కూర్చుని తేల్చేశారు: ఏజెన్సీ మనిషి ఇన్నా వలేరీవ్నా, బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చిన జర్మన్ దంపతులు. దాని కింద నాలుగో సంతకం కూడా పడింది. అది యారినా మొగుడు ఓస్తాప్‌ది. కడుపు ఎవరిదో ఆ మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

పోల్తావా ఊళ్లో రొట్టెల బట్టీ దగ్గర ఏళ్ల తరబడి వేడి ట్రేలు మోసిన మనిషి యారినా. అత్తగారి వంటగదిలోంచి బయటపడి సొంతింట్లో ఉండాలనే ఒక్క కోరికతో, ఇంటికి సరిపడా డబ్బిస్తామంటే అద్దె గర్భానికి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక మాట తప్పలేదు. మాత్రలు మింగింది, సూదులు పొడిపించుకుంది, కీవ్‌లో ఏజెన్సీ వాళ్ల ఫ్లాట్‌లో ఉండమంటే ఉంది. ఇంటి నుంచి వచ్చిన ఊరవేసిన దోసకాయల సీసాను ఉప్పు ఎక్కువని ఇన్నా చెత్తబుట్టలో పడేసినా పళ్లు నూరుకుని ఊరుకుంది. బిడ్డ వాళ్లది కదా, కొన్నాళ్లు వాళ్ల మాట వింటే ఏం పోయింది అనుకుంది. ఇన్నాకు అలుసైపోయింది అక్కడే.

పెళ్లైన ఆడది ఇలా బిడ్డను మోయాలంటే మొగుడు నోటరీ ముందు ఒప్పుకోలు రాసివ్వాలి. ఓస్తాప్‌ను యారినాయే వెంటబెట్టుకెళ్లి ఆ పని చేయించింది. అంతే, భార్య మొండికేస్తే భర్త సంతకం తెచ్చుకోవచ్చని ఇన్నా బుర్రలో ముద్ర పడిపోయింది. అలాంటి బుర్రలు ఆ ఆఫీసులో ఇంకా చాలా ఉన్నాయి.

జర్మన్ ఆయనకు సెలవు ఆ వారమే దొరికింది. అందుకని గురువారం ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలన్నారు. యారినా వద్దంది. బిడ్డ తల కిందికే ఉంది, ఏ ఇబ్బందీ లేదని నెలనెలా చూసే డాక్టరమ్మే చెప్పింది. ఇంటి దగ్గరున్న కూతుర్ని యారినా ఏ కోతా లేకుండానే కంది. బట్టీలో తన పక్కన పనిచేసినావిడ ఆపరేషన్ అయ్యాక ట్రే ఎత్తలేక పని మానుకుంది. ఇదంతా చెబితే, ప్రసవం ఎలా జరగాలో తేల్చేది బిడ్డ తల్లిదండ్రులేనని ఒప్పందంలో ఉందని ఇన్నా కొట్టిపారేసింది. ఆ మర్నాడే పోల్తావా వెళ్లి, ఓస్తాప్ చేతిలో ఓ కొన్యాక్ మందు సీసా పెట్టి సంతకం పట్టుకొచ్చింది.

యారినాను చేర్చిన ప్రసూతి ఆసుపత్రిలోకి మగవాళ్లను రానివ్వరు. మొగుళ్లంతా పెరట్లో నిలబడి, కిటికీల వైపు మెడలు సాచి అరిచి మాట్లాడతారు. ఎవరి పోలిక, పాలు తాగుతున్నాడా అని అడుగుతారు. గురువారం పొద్దున ఓస్తాప్ కూడా వచ్చి అరిచాడు.

"యారీ, నేను సంతకం పెట్టేశానే. ఇంక గొడవ చెయ్యకు. హాయిగా పడుకో, వాళ్లే తీసేస్తారు."

పక్కనున్న మగవాళ్లు నవ్వారు. యారినాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నా పరాయిది, దాని బుద్ధి అంతే అనుకోవచ్చు. ఇతగాడితో ఒకే కంచంలో తిన్నానే అని తన మీద తనకే రోత పుట్టింది. కిటికీ మూసేసింది.

అయినా ఆమెను ఆపరేషన్ గదికి తీసుకెళ్లారు. అక్కడ పెద్ద డాక్టరమ్మ, నాటకాలాడకుండా పడుకోమని కసిరింది. మత్తు ఇచ్చే డాక్టరు సూది సిద్ధం చేసుకుంటూ, అందరినీ అడిగినట్టే అడిగాడు, ఒప్పుకుంటున్నావుగా అని.

"నేను ఒప్పుకోలేదండీ. ఒప్పుకుంది మా ఆయన. పెరట్లోనే ఉన్నాడు, తెచ్చి పడుకోబెట్టుకోండి."

ఆయన సూది పక్కన పెట్టేశాడు. మీ ఒప్పందం కోసం నేను జైలుకు పోను అని డాక్టరమ్మతో అనేసి చేతి తొడుగులు విప్పుకుని వెళ్లిపోయాడు. అది జాలేమీ కాదు, సొంత భయం. యారినాకు అదే చాలు. బయట ఇన్నా, కోర్టుకు లాగుతానని, పోల్తావాలో ఎవరూ నీకు పనివ్వకుండా చేస్తానని ఎన్ని తిట్లున్నాయో అన్నీ తిట్టింది.

శనివారం నొప్పులు వాటంతటవే వచ్చాయి. బాబు పుట్టాడు.

ఆదివారం ఇన్నా కేకు పట్టుకుని, నోటరీని వెంటబెట్టుకుని వచ్చింది. కన్న మనిషి తన చేత్తో రాసిస్తే తప్ప బిడ్డ ఆ జర్మన్ దంపతుల పేరున నమోదు కాదు. ఈ సంతకం మొగుడు చేస్తే చెల్లదా అని నోటరీని ముందే అడిగి చూసిందట. గుమ్మంలో జర్మన్ ఆవిడ బాబును ఎత్తుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడింది. బాబు తనవాడని యారినా ఏనాడూ అనుకోలేదు. ఇన్నా మాటా పలుకూ లేకుండా ముక్కు ముందుకు చాచిన పెన్నును మాత్రం అందుకోలేదు.

"అడగండి," అంది.

"ఏమని?"

"గురువారం అడగాల్సింది. ఇవాళైనా అడగండి."

ఇన్నా ముఖం కందగడ్డైంది. నోటరీ గడియారం చూసుకున్నాడు.

"సంతకం పెడతావా?"

"నీకిష్టమైతేనే అని కూడా అనండి."

"నీకిష్టమైతేనే," అంది ఇన్నా, పళ్ల బిగువున.

యారినా సంతకం పెట్టింది. ఆ తర్వాత లేచి, నడుం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. ఎప్పుడొస్తావు, అమ్మ నీకోసం గది సర్దించింది అని ఓస్తాప్ కింద నుంచి అరుస్తున్నాడు.

"ఈ డబ్బుతో కొనే కొత్తింటికి నేనూ మన పాపా వెళ్తున్నాం," అంది యారినా, పెరడంతా వినపడేలా. "నువ్వు మీ అమ్మ దగ్గరే ఉండు. దీనికి నీ సంతకం అక్కర్లేదు."

ఈసారి మగవాళ్లెవరూ నవ్వలేదు.