నాయన గొంతు పడిన క్యాసెట్

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. ఆత్మకూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను. పోయినవాళ్ల కళ్లు నా చేత్తోనే ఎన్నోసార్లు మూశాను. ఆ మంచం పక్కనే నిలబడి టీ తాగిన రోజులూ ఉన్నాయి. ఒక్కనాడూ భయం వేయలేదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా భయపెట్టే సంగతి కాదు.

తొంభైల్లో మాట. మా దగ్గర కొన్నేళ్లు పనిచేసిన ఒక విదేశీ నర్సమ్మ సొంత దేశానికి వెళ్లిపోతూ తన హార్ప్ నాకిచ్చింది. ఒళ్లో పెట్టుకుని వాయించేంత చిన్నది, ఇరవై రెండు తీగలు. బైబిల్లో దావీదు వాయించిన సితారా లాంటిదన్నమాట. ఆవిడ దాన్ని రోగుల కోసమే వాయించేది. ముందు రోగి ఊపిరి గమనించాలి. దానికి తగ్గట్టు తీగలు మీటుతూ మెల్లగా వేగం తగ్గించాలి. రోగి ఊపిరి కూడా వెంటే నెమ్మదిస్తుంది. నాకూ అదే నేర్పింది. నొప్పితో నిద్రపట్టనివాళ్లు ఆ నాదానికి కునుకు తీయడం నేను కళ్లారా చూశాను.

మా నాయన ఉదయగిరిలో అన్న దగ్గర ఉండేవాడు. బడిపంతులుగా రిటైరయ్యాడు. చర్చిలో పాటలు నేర్పేవాడు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఎనిమిది నెలలు నోట ఒక్క మాట లేదు. ఆ ఎండాకాలం అన్నం కూడా మానేశాడు. ముద్ద నోటి దగ్గరికి తెస్తే గోడవైపు తిరిగిపోతున్నాడని అన్న ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో మేం ఇద్దరమే నర్సులం. రెండో ఆమె కాన్పుకి పుట్టింటికి పోయింది. నాకు సెలవు దొరకలేదు.

కనీసం హార్ప్ వాయించి, రికార్డు చేసి పంపుదామనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం స్టోరు గదిలో తలుపు గడియ వేసుకున్నాను. చుట్టూ పాత పరుపులు ఉండడంతో బయటి చప్పుడు లోపలికి రాదు. శబ్దం పడుతుందని ఫ్యాను కూడా ఆపాను. టేప్ రికార్డర్‌లో బ్యాటరీలు వేశాను. క్యాసెట్ కొత్తది, పైకాగితం చింపింది నేనే. నాయనకి ఇష్టమైన నాలుగు పాటలు వాయించాను. మూడో పాట మధ్యలో నా వేళ్లు వాటంతటవే నెమ్మదించాయి. చెమటకి జారుతున్నాయేమో అనుకున్నాను. తిరిగి వినే తీరిక లేక మర్నాడు పొద్దున్నే ఉదయగిరి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేశాను.

ఆ సాయంత్రమే అన్న ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు.

"ఏం మే, నాయన గొంతు ఎప్పుడు పట్టినావు?"

"నాయన గొంతేంది అన్నా? నేను వాయించింది ఒక్కటే గదా."

"టేప్ రికార్డర్ ఈడికే ఎత్తుకొచ్చినా. నువ్వే విను."

రిసీవర్‌ని దాని దగ్గర పెట్టాడు. గరగరల మధ్య మూడో పాట. గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత చాలా దగ్గరగా, "నిదానం మ్మా, నిదానం." పాట నేర్పేటప్పుడు మేం తొందరపడితే నాయన అనే మాట అదే. ఆ వెంటనే క్యాసెట్‌లో హార్ప్ నెమ్మదించింది.

వాయిస్తున్నప్పుడు నాకు ఏ మాటా వినబడలేదు. నా చేతులు మాత్రం విన్నాయి.

"అది వింటా నాలుగు ముద్దలు తిన్నాడు మే," అన్నాడు అన్న.

రెండు వారాలకి సెలవు దొరికి ఉదయగిరి వెళ్లాను. వచ్చేటప్పుడు ఆ క్యాసెట్ తెచ్చి, ఆత్మకూరు బస్టాండులో రికార్డింగ్ షాపతనికి వినిపించాను. మూడుసార్లు విన్నాడు. "రెండుసార్లు పట్టింది కాదమ్మా ఇది. గొంతూ తీగలూ ఒకేసారి పడినాయి. ఆయన మీ పక్కనే కూర్చోనుండాడు," అన్నాడు. నేను వాయించిన ఆ ఆదివారం మధ్యాహ్నం నాయన ఉదయగిరిలో మంచం మీద నిద్రపోతున్నాడని అన్నా వదినా ఇద్దరూ చెప్పారు. అంతకుముందు ఆయన గొంతు మేమెవరం రికార్డు చేసింది లేదు.

క్యాసెట్ తిరిగి పంపేశాను. నాయన రోజూ అది పెట్టించుకుని అన్నం తినేవాడు. మాట మాత్రం మళ్లీ రాలేదు. ఇంకో రెండేళ్లు మాతో ఉన్నాడు.

ఒకసారి మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "నాయనా, ఆ మాట అనింది నువ్వేనా?"

ఆయన నావైపు చాలాసేపు చూశాడు. ఎడమ చేత్తో నా తల నిమిరాడు. తర్వాత కంచం చూపించాడు, ఆకలేస్తోందని.

ఆ గొంతు క్యాసెట్‌లోకి ఎలా వచ్చిందో ఈ రోజుకీ చెప్పలేను. ఆ రెండేళ్లు మాకిచ్చినందుకు మాత్రం రోజూ ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకుంటాను.