పచ్చి పుండుకు నీళ్లు

ఏడాది పాటు దాచాను. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చునేవాడు గంటకు నాలుగుసార్లు లేచి దొడ్లోకి పోతుంటే ఇంట్లోవాళ్లకు కనబడదా? కనబడింది. నా భార్య అడిగింది కూడా. అడిగినప్పుడల్లా కసురుకున్నాను. గోడ పట్టుకొని నిలబడి, పళ్లు కొరుక్కొని, నాలుగు చుక్కలు రాల్చి, ఏమీ జరగనట్టు వచ్చి మళ్లీ పోగుల మధ్య ఆడించే నాడె పట్టేవాణ్ణి. యాభై ఎనిమిదేళ్ల మగవాడు ఈ సంగతి ఎవరితో చెప్పుకుంటాడు? ఆ ఏడే మా ఊళ్లో కరెంటు మగ్గాలు దిగాయి. వాడకట్టు అంతా వాటి గురించి దిగులు పడుతుంటే నేను నా ఒంటి గురించి దిగులు పడ్డాను. ఒకరోజు పొద్దున ఆ నాలుగు చుక్కలూ రాలేదు.

చొప్పదండిలో బస్సెక్కి, కూర్చోలేక, నిలబడలేక, ప్రతి గుంతకూ నా భార్య భుజం గట్టిగా పట్టుకొని మిషన్ దవాఖానకు చేరాను. రెండు రాష్ట్రాలు ఒకటయ్యాక కోస్తా నుంచి వచ్చిన డాక్టరు అక్కడ ఉండేవాడు. గొట్టం వేసి మూత్రం తీశాడు. ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత వెనక నుంచి వేలు పెట్టి చూశాడు. ఆ పరీక్ష గురించి ఇంతకన్నా రాయను. చెయ్యి ఒకసారి కడుక్కొని, మళ్లీ సబ్బు రాసుకొని కడుక్కున్నాడు. అప్పుడే నాకు భయం పట్టుకుంది.

"మూత్రం సంచి కింద గ్రంథి ఉంటుంది పెద్దాయనా. అది పెరిగి దారి మూసేసింది. చేతికి రాయిలా తగులుతోంది. క్యాన్సర్ కావచ్చు. పొట్ట కోసి తీసెయ్యొచ్చు. లేదంటే ఈ గొట్టంతోనే ఇంటికి వెళ్లిపోవచ్చు," అన్నాడు.

"కోస్తే బతుకుతనా సారు?"

"చెప్పలేను. మీ వయసుకి ఆపరేషన్ బల్ల మీదే ఏమైనా కావచ్చు. ఆలోచించుకోండి."

మూడు రోజులు ఆలోచించాను. ఆలోచించడానికి నా పక్క మంచం చాలు. దాని మీద ఉన్నాయన నాకన్నా పెద్దవాడు. కోతకు భయపడి గొట్టమే చాలన్నాడట. ఇంటి దగ్గర గొట్టం చుట్టూ కుళ్లి, జ్వరంతో మళ్లీ తెచ్చారు. ఆయన మీద ఈగలు వాలేవి. తోలుకునే ఓపిక ఆయనకు లేదు, తోలేవాళ్లకు దగ్గరికి పోబుద్ధి కాలేదు. మూడో రోజు పొద్దున నేను ముఖం కడుక్కొని వచ్చేసరికి ఆ మంచం మీద పరుపు లేదు. నేరుగా డాక్టరు గదికి పోయి సంతకం పెట్టాను.

ఆపరేషన్‌కు ముందురోజు డాక్టరు నా మంచం దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పాడు. నా భార్య అప్పుడు బయట చెట్ల కింద పొయ్యి వెలిగించుకొని అన్నం వండుతోంది. "కోశాక లోపల రక్తం కారుతుంది. నీళ్లు బాగా తాగితే కొట్టుకుపోతుంది. తాగకపోతే గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. నీళ్లే మీకు మందు. తెలిసిందా?" తెలిసింది. తలూపాను.

కోత బాగానే జరిగింది. మెలకువ వచ్చేసరికి పొట్టలోంచి ఒక గొట్టం, కింద నుంచి ఒక గొట్టం, మంచానికి కట్టిన గాజు సీసా. ఎర్రరంగు నూలు జాడించిన నీళ్లలాంటిది ఆ సీసాలోకి చుక్కచుక్కగా పడుతోంది. నర్సమ్మ పెద్ద కూజా నిండా నీళ్లు పెట్టి, "పొద్దుగూకేలోపు మొత్తం తాపాలమ్మా," అని నా భార్యకు చెప్పి పోయింది. ఎందుకో చెప్పలేదు.

నర్సమ్మ అటు పోగానే నా భార్య ముక్కు మీద వేలేసుకుంది. "పచ్చి పుండుకు ఎవరన్న నీళ్లిస్తరా? చీము వట్టి సచ్చిపోతడు మనిషి. గీళ్లకేం ఎరుక?"

మా ఇళ్లల్లో అంతే. బాలింతకైనా, కత్తి గాటు పడినవాడికైనా నీళ్లు బంద్. వట్టి అన్నం, ఎల్లిపాయ కారం, నాలుక మరీ ఎండితే తడిగుడ్డ. మా అవ్వ అట్లాగే చేసింది, ఆమె అవ్వ కూడా అట్లాగే చేసి ఉంటుంది. నా భార్య కూజా ఎత్తి కిటికీ అవతల పారబోసింది. రెండో రోజూ పారబోసింది. నేను చూస్తూనే ఉన్నాను. నోరు అట్టకట్టుకుపోయింది. డాక్టరు మాట చెవిలో ఉంది. అయినా ఒక్క మాట అనలేదు, ఎందుకంటే నాకూ లోపల అవ్వ మాట మీదే నమ్మకం. మూర్ఖత్వమంటే అదే.

మూడో రోజు మధ్యాహ్నానికి సీసాలో చుక్క పడటం ఆగింది. మొదట నేనే చూశాను. పడుతుందేమోనని చూస్తూ పడుకున్నాను. పడలేదు. పొట్ట కింద బరువు మొదలైంది, తర్వాత నొప్పి, తర్వాత పొట్ట నిగడదీసుకొని కుట్లు లాగుతున్నాయి. నర్సమ్మ వచ్చి గొట్టం పిండి చూసింది. ఇంకోసారి పిండింది. ఆమె ముఖం మారిపోయింది. చెప్పులు వదిలేసి ఉరికింది.

డాక్టరు పెద్ద పిచికారీతో గొట్టంలోంచి లాగుతుంటే కార్జం ముక్కల్లాంటి నల్లటి గడ్డలు వచ్చాయి. నేను పెట్టిన కేకలకు వార్డు వార్డంతా లేచి నిలబడింది. చివరికి గొట్టం పారింది. డాక్టరు చెమట తుడుచుకొని నా భార్య వైపు తిరిగాడు.

"నీళ్లు ఎన్ని ఇచ్చావు?"

ఆమెకు అబద్ధం రాదు. "ఇయ్యలే సారు."

"నీ చేతులతో నువ్వే చంపేసేదానివి మొగుణ్ణి! తెలుసా?"

అందరూ ఆమెనే చూశారు. ఆమె నన్ను చూసింది. నేను కళ్లు మూసుకున్నాను. నొప్పికి మూసుకున్నానని అందరూ అనుకున్నారు.

తర్వాత గొట్టాలు తీశారు, కుట్లు విప్పారు. పసిపిల్లాడిలా బట్టలు తడుపుకుంటూ మూత్రం ఆపుకోవడం మళ్లీ నేర్చుకున్నాను. దగ్గితే కారేది, నవ్వితే కారేది. నవ్వే సందర్భాలు పెద్దగా రాలేదు లెండి. నూలు షావుకారుతో ఎదురు నిలిచి మాట్లాడే మనిషి నా భార్య, నాకు అన్నం పెట్టాలన్నా నర్సమ్మ దగ్గరికి పోయి, "గిది వెట్టాల్నా అమ్మా?" అని అడగడం మొదలుపెట్టింది. గ్లాసు నా చేతికి ఇవ్వకుండా మంచం పక్కన పెట్టి వెనక్కి జరిగేది. రోజూ చూశాను. రోజూ ఊరుకున్నాను.

పరీక్షకు పట్నం పంపిన గ్రంథి ముక్క రిపోర్టు కాగితమై తిరిగొచ్చింది. క్యాన్సరే. డాక్టరు మా ఇద్దరినీ పిలిచి, అది ఎముకలకు పాకకుండా, దానికి మేత పెట్టే వృషణాలు తీసెయ్యాలన్నాడు. చిన్న కోతే, కానీ ఆ తర్వాత మగతనం ఉండదు, అందుకని భార్య కూడా ఒప్పుకొని వేలిముద్ర వేయాలన్నాడు. నేను సరేనన్నాను. అన్నీ పోయాక ఇంకా సిగ్గెందుకు?

ఆమె మాత్రం రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "నా చెయ్యి మంచిది గాదు సారు. ఒక్కపారి సంపవోయింది. నేను ఎయ్య."

నర్సమ్మ గదుమ పట్టుకొని బతిమాలింది. డాక్టరు నెమ్మదిగా చెప్పాడు, గట్టిగా చెప్పాడు. ఆలస్యమయ్యేకొద్దీ లాభం లేదన్నాడు. ఆమె నేలనే చూస్తూ తల అడ్డంగా ఊపుతోంది. ఆ తల ఊపడంలో నా చావు నాకు కనబడింది. అప్పుడు, సిగ్గులేకుండా, ప్రాణం మీది తీపితోనే నోరు తెరిచాను.

"నీ తప్పు లేదు. నీళ్లు తాగకుంటే సస్తనని సారు నాకు ముందుగాల్నే చెప్పిండు. నువ్వు పారవోస్తుంటే సూసిన."

నా భార్య తల ఎత్తి నన్ను చూసింది. "ఎరికుండి ఊకున్నవా?" అంది.

"ఊకున్న."

"గంతమందిల నన్ను తిడుతుంటె గూడ?"

నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను. ఆమె కొంగులోంచి చెయ్యి తీసి సిరాలో వేలు ముంచింది. ఈసారి ఎవరినీ అడగలేదు. కాగితం మీద ముద్ర వేసి, వేలు తుడుచుకొని, "నువ్వు బతకాలె. బతికి రోజు నా మొఖం సూడాలె," అంది.

ఆరేళ్లయింది. ఆ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. రెండు పూటలా ఎదురెదురుగా కూర్చొని అన్నం తింటాం. ఆమె చూస్తుంది. నేను కంచంలోకి చూసుకుంటూ తింటాను.