ఘాటు రాని మిరపకాయలు

నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయేమో... అమ్మ గుప్పెడు ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు తీసుకుని తమ్ముడి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. కాయలు చిటపటలాడి నల్లబడ్డాయి. అమ్మ పొయ్యి మీదకి వంగి గట్టిగా గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది... ఘాటు లేదు.

మా వైపు వాళ్ళకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా... కాయలు కాలుతుంటే దగ్గూ తుమ్ములూ వచ్చాయంటే పిల్లాడికి దిష్టి లేనట్టు. ఏ ఘాటూ రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. తాతల నాడు దూది ఏకి బతికిన ఇల్లే గానీ, మా రోజులొచ్చేసరికి అమ్మా నాయనమ్మా మిరప కల్లాల్లో కూలికి పోయేవాళ్ళు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కాయలకు తొడిమలు తీయడమే పని. బడి లేని రోజుల్లో నేనూ వెళ్ళేదాన్ని. మొదట్లో కళ్ళూ ముక్కూ కారిపోయేవి... తర్వాత ఏమీ తెలిసేది కాదు. అన్నంలో, దుప్పట్లో, నా జడలో... అంతా మిరపకాయే.

తమ్ముడు మస్తాన్‌కి అప్పుడు మూడేళ్ళు. జ్వరం తగ్గడం లేదు. ఊళ్ళో మందులిచ్చే ఆయన బిళ్ళలిచ్చాడు, వాడు కక్కేశాడు. కళ్ళు కూడా సరిగ్గా తెరవడం లేదు. నాన్నేమో పత్తి లారీ మీద గుంటూరు వెళ్ళాడు.

"ఇది మామూలు దిష్టి కాదే. తలుపేసి, ఇంకాసిని వెయ్యి" అంది నాయనమ్మ.

అమ్మ తలుపేసి ఈసారి దోసెడు వేసింది. మాది ఒకటే గది. పొగ కమ్ముకుంది. తమ్ముడు నులక మంచం మీద ఎగిరెగిరి దగ్గుతున్నాడు. ముగ్గురం పీలుస్తున్నాం... మాకు పొగ వాసన తప్ప ఇంకేమీ తెలియడం లేదు. వాడి దగ్గు ఘాటు వల్ల అనుకోలేదు, జబ్బు ముదిరిపోయిందనుకున్నాం. ఎవరి కళ్ళు పడ్డాయో అని నాయనమ్మ ఊళ్ళో వాళ్ళందరినీ తిట్టడం మొదలుపెట్టింది. అమ్మ పొయ్యి దగ్గరికీ వాడి మంచం దగ్గరికీ తిరుగుతోంది. అప్పటి నా భయం ఎలాంటిదో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను... పరిగెత్తి బయటికి పోవాలనుంది, తమ్ముణ్ణి వదిలి ఎలా పోను?

సరిగ్గా అప్పుడే మా మేనత్త మీరాబీ చీరాల నుంచి దిగింది. వాళ్ళది మగ్గాల ఇల్లు, మిరప కల్లం మొహం ఎరగదు. తలుపు తోసి ఒక్క అడుగు లోపల పెట్టిందో లేదో... చేతిలో సంచి పడేసి, గుమ్మం పట్టుకుని ఒకటే దగ్గు. కళ్ళ వెంట ధారగా నీళ్ళు.

"ఏం తగలబెడుతున్నావ్ వదినా? పసోణ్ణి చంపుతావా?" అంది, ఎలాగో ఊపిరి తెచ్చుకుని.

అమ్మ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఘాటొస్తోందా మీరాబీ? నిజంగా వస్తోందా?"

మా అమ్మ మొహం వెలిగింది. ఒట్టు... ఆ ఒక్క క్షణం వెలిగింది. ఘాటు వచ్చిందంటే దిష్టి లేదుగా! ఆ వెంటనే ఆ వెలుగు పోయింది. దిష్టి కాకపోతే మరి పిల్లాడికి ఏమైనట్టు?

అత్త అప్పటికే వాణ్ణి ఎత్తుకుని ఆటో కోసం రోడ్డు మీదకి ఉరికింది.

పేటలో డాక్టరుగారు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. ముక్కుకి గొట్టం పెట్టారు. ఆ పొగలో ఇంకాసేపు ఉంచి ఉంటే తను కూడా ఏమీ చేయలేకపోయేవాడినని అత్తకు చెప్పారు. అమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుంది. పక్కన ఉన్నవాళ్ళు తుమ్ముకుంటూ దూరంగా జరిగారు. అమ్మ తన కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. చూసి, చూసి, దానిలోనే మొహం దాచుకుని ఏడ్చింది.

మస్తాన్ బతికాడు. ఇప్పుడు స్పిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియన్. వాడు ఫోన్లో మాట్లాడితే ఫోన్ అక్కర్లేదు, ఊరంతటికీ వినబడుతుంది.

పెద్దయ్యాక ఎక్కడో చదివాను... మిరపకాయ అసలు మనది కాదట! సముద్రాల అవతలి పంట. కొన్ని వందల ఏళ్ళ కింద పరదేశీయుల ఓడల్లో వచ్చిందట. అంతకుముందు మన వాళ్ళ కారమంతా మిరియాలదేనట. గుంటూరు జిల్లాలో పుట్టిన దాన్ని, నాకే నమ్మబుద్ధి కాలేదు. గోంగూర పచ్చడి, ఆవకాయ... అన్నిట్లోనూ ఉన్నది వలస వచ్చిన కాయేనా!

అమ్మకి చెప్పాను, నవ్వుతుందేమోనని. నవ్వలేదు.

"మరి అప్పట్లో పిల్లలకి జొరాలొస్తే... ఆ తల్లులు ఏం పెట్టుకుని ధైర్యం తెచ్చుకున్నారే?" అంది.

ఇప్పుడు తొడిమలు తీయడానికి మిషన్లొచ్చాయంటున్నారు. పనికి పోయేవాళ్ళు మూతికి గుడ్డలు కట్టుకుంటున్నారు. కల్లం మానేసి ఇన్నేళ్ళయినా అమ్మ ముక్కుకి మాత్రం ఘాటు తెలియడం లేదు. మీ ఇళ్ళల్లో ఇంకా మిరపకాయలు తిప్పుతున్నారా? ఘాటు రాక మీ అమ్మలు భయపడిన రోజులేమైనా ఉన్నాయా? రాయండి...

మొన్న మా పాపకి జ్వరం వస్తే ముందు ఆసుపత్రికే వెళ్ళాం. మందు వేసి పడుకోబెట్టాక, పెరట్లో అమ్మ నాలుగు కాయలు నిప్పుల మీద వేసి నా మొహంలోకి చూసింది. ఆనాడు మీరాబీ అత్తని అడిగినప్పటి చూపే.

నాకూ ఏమీ తెలియలేదు. అయినా కళ్ళు తుడుచుకుంటూ గట్టిగా దగ్గాను.